సున్నపు గీతకు ఇవతల

ఈ మాటలు నేను మూడేళ్ల కిందటే రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. మిరుదొడ్డి దగ్గరి మా పల్లెలో బడి ఉండేది కానీ మా నాయినకు కొడుకులు లేరు. ఎనిమిదేళ్లకే నా చేతికి ఎడ్ల పలుపు వచ్చింది, పదమూడేళ్లకు నాగలి వచ్చింది. ఆడపిల్ల దున్నడమేమిటని నవ్వేవాళ్లు నవ్వారు, మా చేను మాత్రం బీడు పడలేదు. పలక పట్టుకునే తీరిక ఆ చేతులకు యాభై దాటాక గానీ దొరకలేదు. చదవడానికి ఒక ఏడాది పట్టింది. నాలుగు మాటలు వరుసగా రాయడానికి ఇంకా చాలా రోజులు పట్టింది.

ఈ రోజు పొద్దున నీలం టార్పాలిన్‌తో కుట్టిన పొడవాటి గొట్టాన్ని షెడ్డులోంచి తీసి ఎండలో పరిచాను. దాన్ని మేము టన్నెల్ అంటాం. వానలన్నాళ్లూ చుట్ట చుట్టి పడేసిన గుడ్డ. ఎండ తగిలే సరికి అందులోంచి కాగిన ప్లాస్టిక్కు, తడి మట్టి, కుక్క వెంట్రుకల వాసన లేచింది. వాటి కింద ఎక్కడో బీడీ వాసన కూడా వచ్చినట్టు అనిపించింది. మూడేళ్ల తరువాత ఆ వాసన ఉండదని నాకు తెలుసు. అయినా అక్కడే కూర్చుండిపోయాను. అరవై అయిదేళ్ల మనిషి, సత్తయ్య సారు, ఈ గొట్టంలోకి ఇటునుంచి దూరి అటునుంచి వచ్చేవారు. “బీడీ ఆర్పున్రి సారూ, అంటుకుంటది” అని నేను మొత్తుకునేదాన్ని. “అంటుకుంటె కుక్కలు ఇంకా జోరుగ ఉరుకుతయి నర్సవ్వా” అనేవారు.

సత్తయ్య సారు పటాలంలో కుక్కలకు పని నేర్పిన మనిషి. కొలువు అయిపోయాక సిద్దిపేటకు వచ్చి, దుబ్బాక పోయే తోవలో తన జాగకు చుట్టూ తీగ కట్టి, కుక్కల శిక్షణ మొదలుపెట్టారు. పట్నంలో కుక్కలు పెంచుకునేవాళ్లు పొద్దున్నే వాటిని తెచ్చి, కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం నేర్పించుకుని పోయేవారు. అది ఆయనకు బువ్వ పెట్టే పని. ఆయన ప్రాణమంతా మైదానం రెండో సగంలో ఉండేది. అక్కడ దూకే కర్రలు, టన్నెల్, పైకి ఎక్కి దిగే వాలుబల్ల, మధ్యలో ఇరుసు మీద ఊగే పలక ఉండేవి. వాటి మీద కుక్కను ఉరికించే ఆటలకు హైదరాబాదులో పోటీలు జరుగుతాయి.

నేను అక్కడికి కుక్కలకు గంజి కాచే పనికి పోయాను. మొదటిరోజు ఆయన అడిగింది ఒకటే.

“చదువొస్తదా?”

“వస్తది సారూ.”

“ఎంతదాంక?”

“ఐదు దాంక.”

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూశారు. “సరే. గాడ గంజి పొంగుతుంది, సూడు” అన్నారు. రాదంటే పని ఇయ్యరేమోనని ఆడిన అబద్ధం అది. తరువాత ఎన్నిసార్లు చెప్పేద్దామనుకున్నా నోరు రాలేదు. రోజులు గడిచిన కొద్దీ అబద్ధం బరువెక్కుతుందని నాకప్పుడు తెలియదు.

సారు బజారుకు పోయినప్పుడల్లా షెడ్డు గోడకు తగిలించిన పలక మీద సుద్దతో నాకు పని రాసిపెట్టేవారు. నేను ఆ పలకను కొంగు చాటున పెట్టుకుని, రోడ్డు అవతల టీ కొట్టు నడిపే పద్మ దగ్గరికి పోయేదాన్ని. పద్మ చదివి చెప్పేది. “నర్సక్కా, బిజిలి కాలు వాసిందట, ఈయాల ఉరికియ్యద్దంట. పోయి టీ తాగు అని రాసిండు కింద. ఏందో, సారు ఏది రాసినా కొసకు టీ తాగుమనే రాస్తడు!” ఇద్దరం నవ్వుకునేవాళ్లం. ఎవరికీ చెప్పనంది పద్మ. ఆరేళ్లు అలా నడిచింది.

బిజిలి గురించి చెప్పాలి. నలుపు మీద తెల్ల మచ్చల ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు సారు మిరుదొడ్డి రోడ్డు మీద దొరకబట్టుకొచ్చారు. జాతి కుక్కలు తెచ్చుకున్న వాళ్లు దాన్ని చూసి మూతి విరిచేవారు. అది మాత్రం కర్ర మీదుగా దూకితే గాలికి కూడా తెలిసేది కాదు. దానికి గంజి పోసేది నేను కాబట్టి నా వెనకే తిరిగేది. ఒకరోజు అది నా మాట మీద టన్నెల్‌లోకి పోయి రావడం చూసి, సారు గంజి గరిటె నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టారు. “గంజి నేను కాస్త. నువ్వు మైదానంలకు నడువు” అన్నారు.

ఆయన ఇంగ్లీషులో, హిందీలో ఆజ్ఞలు ఇచ్చేవారు. నాకు అవి నోటికి తిరగలేదు. మూడోరోజు ఆయనే అన్నారు: “ఎడ్లకు ఏమని చెప్పినవు నువ్వు?”

“కుడిదిక్కుకు ఎలపట అంటం, ఎడమదిక్కుకు దాపట అంటం.”

“మరి గదే చెప్పు. కుక్కకు ఏ బాస అయితేంది?”

అప్పటినుంచి బిజిలికి రెండు భాషలు. సారు దగ్గర లెఫ్ట్, రైట్. నా దగ్గర దాపట, ఎలపట.

ఆయన దేన్నీ కాగితం మీద గీసి చెప్పలేదు. నేల మీద ఇటుక ముక్కలు పేర్చి, ఇది కర్ర, ఇది టన్నెల్, ఇది పలక అని, మధ్యలో చింతగింజను కుక్కలాగా జరిపేవారు. తరువాత కుక్క లేకుండా నన్ను మైదానమంతా నడిపించేవారు. నడిచేది కూడా మామూలుగా కాదు, కూర్చుని, కుక్క ఎత్తుకు తల వంచి. “నీ కన్నుకు ముందుగాల పలక కానొస్తది. దాని కన్నుకు టన్నెల్ మూతి కానొస్తది. దాని కన్నుతోని సూడకుంటె అది యాడికి పోతదో నీకెట్ల ఎరుకైతది?” అనేవారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి నేను గొంతుకూర్చుని జరుగుతుంటే, తీగ అవతల పోయే ఒకాయన సైకిల్ ఆపి, “ఏందే నర్సవ్వా, కుక్కతోని కుక్కవే అయితివి!” అన్నాడు. “నీకంటె నయమే. ఇది చెప్తె ఇంటది!” అన్నాను. సారు ఆ రోజంతా ఆ మాట తలచుకుని నవ్వారు.

ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన ఆట ఒకటుంది. మొదటి నలభై సెకన్లు మన ఇష్టం. ఏ కర్ర దూకిస్తామో, ఏ పలక ఎక్కిస్తామో మనమే ఎంచుకోవచ్చు. దూకే కర్రకు ఒకటి, టన్నెల్‌కు రెండు, ఊగే పలకకు అయిదు పాయింట్లు. నలభై అయ్యాక ఈల పడుతుంది. అప్పుడు మనిషి నేల మీద పోసిన సున్నపు గీతకు ఇవతలే నిలబడాలి. కుక్క ఒక్కతే గీత దాటి పోయి, చూపించిన వరుసలో నాలుగు అడ్డంకులు దాటాలి. మన దగ్గర ఉండేది గొంతు మాత్రమే. కాలు గీత దాటిందా, ఆ చివరి భాగం పోయినట్టే.

మొదట్లో నేను పాయింట్ల ఆశకు పోయేదాన్ని. ఊగే పలక మీద రెండుసార్లు ఎక్కించి మురిసిపోతుండగా ఈల పడేది. చూస్తే నేను మైదానం ఆ చివర, గీత ఈ చివర. పరుగెత్తి వచ్చే లోపల కుక్క గందరగోళపడి మొరిగేది. “సంచి నిండింది గని ఇల్లు దూరమయింది” అనేవారు సారు. “ఎన్ని తెచ్చుకున్నవనేది తరువాత. ఈల పడే యాళ్లకు నువ్వు యాడున్నవనేది ముందు. కొసను ముందుగాల అనుకుని, గాడికెల్లి ఎనకకు రా.” నాకు గడియారం చూడడం రాదని ఆయన ఎప్పుడు పసిగట్టారో. “నాటు ఏసినవు గద. ఒక్కో కుదురు పెట్టుకుంట నలభై లెక్కపెట్టు” అన్నారు. అప్పటినుంచి పరుగెత్తుతూనే నా కుడిచేతి వేళ్లు వరి కుదుళ్లు నాటుతున్నట్టు కదిలేవి. ముప్పయ్యో కుదురు దగ్గర నేను గీతవైపు తిరిగేదాన్ని. ఎన్ని పాయింట్లు వదులుకోవాల్సి వచ్చినా తిరిగేదాన్ని.

అంతా కుదిరింది కానీ ఒక్క తప్పు నన్ను వదల్లేదు. నాగలి దున్నేటప్పుడు మనిషి ఎప్పుడూ ఎడ్ల వెనకే ఉంటాడు. వాటి కుడి మన కుడి ఒకటే. ఇక్కడ కుక్క టన్నెల్‌లోంచి తిరిగి నా ముఖంలోకి చూస్తూ ఎదురుగా వస్తుంది. అప్పుడు దాని కుడి నా ఎడమ అవుతుంది. తీరుబాటుగా ఉన్నప్పుడు నాకు ఆ సంగతి తెలుసు. ఈల పడ్డాక మాత్రం నోరు ఎడ్ల వెనక్కి పోయేది. నా చేతి లెక్కన అరిచేదాన్ని. బిజిలి నేను చెప్పినట్టే పోయి తప్పు కర్ర దూకి, నేనేదో మెచ్చుకుంటానని తోక ఊపుతూ నిలబడేది.

“తప్పు దానిది గాదు” అనేవారు సారు.

“నాదే సారూ.”

“నీది గూడ గాదు. నీ ఎడ్లది” అని నవ్వేవారు. కానీ ఒక నియమం మాత్రం కటువుగా చెప్పేవారు: కుక్కకు ఎప్పుడూ వీపు చూపించకూడదు. నీ కన్ను తప్పితే దానికి దారి తప్పుతుంది. ఆ మాట ఆయన ఎంతమందికి చెప్పారో లెక్కలేదు.

బిజిలికి ఎనిమిదో ఏడు నడుస్తోంది. ఆ చలికాలం పోటీయే దానికి చివరిదని సారుకు తెలుసు. ఇంకో ఏడాదికి కాళ్లలో ఆ జోరు ఉండదు. పోటీకి నెల ముందు, పొద్దున్నే పండ్లు తోముకుంటూ సారు పడిపోయారు. పక్షవాతం. దవాఖానలో మూడు వారాలు ఉంచి ఇంటికి పంపారు. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది. కుక్కలను గొంతుతో నడిపిన మనిషికి గొంతే లేకుండా పోయింది.

ఆయన కూతురు రమమ్మ సిద్దిపేటలోనే ఉంటుంది. తండ్రిని చూసుకోవాలి, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. చెడ్డ మనిషి కాదు, అలసిపోయిన మనిషి. ఒకరోజు షెడ్డు దగ్గరికి వచ్చి నిలబడింది.

“నర్సక్కా, బిజిలిని మద్దూరు దిక్కు కోళ్ల ఫారం వాళ్లు అడుగుతున్నరు. కావలికి.”

“గొలుసేసి కట్టేస్తరు రమమ్మా.”

“ఎరుకే. మరి నేనేం జెయ్యాలె? బాపు లేవకపాయె. ఇంక దాన్ని ఉరికించేటోళ్లెవరు?”

“నేను ఉరికిస్త.”

ఆమె నావైపు చూసిన చూపులో వెక్కిరింత లేదు. జాలి ఉంది. అది ఇంకా కష్టంగా అనిపించింది. “పోటీల పేరు రాసి పెట్టిండ్రు గద సారు. పోయి వస్త. అది నా మాట ఇంటదో లేదో మీరే కండ్లార సూడున్రి. ఇనకుంటె ఫారానికి నేనే తోలుకపోయి ఇచ్చొస్త” అన్నాను.

పోటీ ముందురోజు సాయంత్రం సారు దగ్గరికి పోయాను. మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఎడమచేత్తో పెన్సిలు పట్టుకుని ఒక కాగితం మీద చాలాసేపు రాశారు. పెన్సిలు జారేది, మళ్లీ పట్టుకునేవారు. చెమట పట్టింది. రాసి నా చేతికిచ్చి, ముఖంలోకి చూశారు. రమమ్మ పక్కనే ఉంది. నాకు చదువు రాదని ఇప్పుడు తెలిస్తే కుక్కను నాతో పంపుతుందా? నేను కాగితం మీద కళ్లు ఎడమనుంచి కుడికి నడిపించి, తల ఊపి, మడిచి బొడ్లో దోపుకున్నాను. “చదివిన సారూ. గట్లనే చేస్త” అన్నాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తి రోడ్డువైపు ఏదో చూపించారు. నాకు అర్థం కాలేదు. మరునాడు తెల్లవారకముందే రమమ్మ, నేను, బిజిలి వ్యానులో బయలుదేరాం. పద్మ కొట్టు ఇంకా తెరవలేదు.

మైదానం దగ్గర అందరి చేతుల్లో అచ్చేసిన కాగితాలున్నాయి. నేను కూర్చుని కుక్క ఎత్తున మైదానమంతా తిరిగాను. పక్కన ఇద్దరు అమ్మాయిలు ముసిముసిగా నవ్వారు. నవ్వనిచ్చాను. చివరి వరుసను రెండోసారి కూడా తిరిగి చూశాను. గీత దాటి ఒక కర్ర, తరువాత వంకర టన్నెల్. టన్నెల్‌లోంచి కుక్క నాకు ఎదురుగా బయటికొస్తుంది. ముందు పక్కపక్కనే రెండు కర్రలు. దాని కుడివైపుది దూకాలి, ఎడమవైపుది దూకితే అంతా పోయినట్టే. అది అయ్యాక చివరి కర్ర. నా ఎడ్లు నా కోసం అక్కడ కాచుకుని ఉన్నాయి.

మా వంతు వచ్చింది. వేళ్లు కుదుళ్లు నాటడం మొదలుపెట్టాయి. టన్నెల్, కర్ర, ఊగే పలక ఒక్కసారి, మళ్లీ కర్ర. “ఇంకోపారి పలక ఎక్కియ్యి!” అని ఎవరో అరిచారు. ముప్పై కుదుళ్లు అయ్యాయి, నేను గీతవైపు తిరిగాను. ఈల పడేసరికి నా కాలివేళ్ల ముందు సున్నం ఉంది. బిజిలి నా మోకాలి పక్కన ఉంది. “పో!” అన్నాను. కర్ర దూకింది. టన్నెల్‌లో దూరింది. గుడ్డ లోపల దాని గోళ్ల చప్పుడు వినిపిస్తోంది. బయటికొచ్చి, నాకు ఎదురుగా ఆగి, చెవులు నిక్కించి చూసింది. దూకాల్సిన కర్ర నా ఎడమచేతి వైపు ఉంది. నాలుక చివరిదాకా “దాపట” వచ్చేసింది. ఆ మాట పళ్ల వెనక పట్టుకున్నాను.

అప్పుడు నేను సారు చెయ్యొద్దన్న పని చేశాను. గీతకు ఇవతలే నిలబడి వెనక్కి తిరిగాను. నా వీపు కుక్కకు, నా ముఖం జనానికి. ఇప్పుడు నేనూ బిజిలీ ఒకే దిక్కుకు చూస్తున్నాం. ఇందాకటి ఎడమచేతి కర్ర నా కుడిచేతి వైపుకు వచ్చింది. దాని కుడి, నా కుడి ఒక్కటయ్యాయి.

“ఎలపట!” అని అరిచాను.

ఏమీ కనిపించలేదు. ఎదురుగా జనంలో రమమ్మ ముఖం కనిపించింది. ఆమె రెండు చేతులూ నోటి మీదికి పోయాయి. అది మంచికో చెడుకో తెలియలేదు. కర్ర కింద పడిన చప్పుడు రాలేదు. ఇంకో కర్ర దగ్గర కూడా రాలేదు. తరువాత వెనకనుంచి నా పిక్కలకు తడి ముక్కు తగిలింది.

మాకు కప్పు రాలేదు. మొదటి నలభై సెకన్లలో నేను వదులుకున్న పాయింట్లు ఎక్కువ. కానీ చివరి వరుస తప్పు లేకుండా దాటిన కుక్కలు ఆ రోజు మూడే, అందులో బిజిలి ఒకటి. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో రమమ్మ బిజిలి మెడ కింద గోకుతూ కూర్చుంది. తరువాత ఫోన్ తీసి, “ఫారం అన్నా, కుక్క సంగతి... లేదన్నా, ఇయ్యం. దానికి పనుంది” అంది.

అక్కడ ఎవరో ఫోనులో తీసి పంపిన వీడియో సారుకు చూపించాం. నేను వెనక్కి తిరిగిన చోట ఆయన ఎడమచెయ్యి ఎత్తి, అరచెయ్యి తిప్పి చూపించారు. మళ్లీ తిప్పారు. వీపెందుకు చూపించావని అడుగుతున్నారనుకున్నాను. “తప్పయింది సారూ, ఇంకేం తోచలే” అన్నాను. ఆయన కాదన్నట్టు తల ఊపి, నా బొడ్డు దగ్గరి కాగితంవైపు వేలు చూపించారు. “చదివిన సారూ” అని మళ్లీ అబద్ధమాడాను. ఆయన ముఖంలో సగమే నవ్వింది. ఆ సగం నవ్వు చాలాసేపు అలాగే ఉంది.

ఆ తరువాతి వానకాలంలో సారు పోయారు. రమమ్మ ఆ జాగను అమ్మలేదు. “నువ్వు నడిపిస్తనంటె నడిపియ్యి” అంది. కాగితం నా పెట్టెలో ఉంది. పద్మకు ఇస్తే ఒక్క నిమిషంలో చదివేసేది. ఇవ్వలేదు. ఆయన ఎడమచేత్తో చెమటోడ్చి రాసింది, నేను రెండుసార్లు చదివానని బొంకింది. దాన్ని ఇంకొకరి నోట వినకూడదనుకున్నాను. “చదువు నేర్పు పద్మా” అన్నాను. మధ్యాహ్నాలు గిరాకీ లేని వేళ, టీ కొట్టు బల్ల మీద, అదే పలక మీద నేర్పింది. నా వేళ్లు సుద్దను నాగలిలా పట్టుకునేవి. “మెల్లగక్కా, పలక దున్నకు!” అనేది. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం కాగితం తీసి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. గీతలు వంకర పోయి ఉన్నాయి, కానీ మాట స్పష్టంగా ఉంది.

“నర్సవ్వా, కుక్క ఎదురుగ వస్తె నువ్వు ఆగమైతవు. వీపు తిప్పు. నా మాట పట్టుకోకు. బిజిలి నీ భుజాలు సూసి పోతది. పద్మతోని చదివించుకోనీకె సిగ్గుపడకు. పోయి టీ తాగు.”

ఆరేళ్లు ఇటుక ముక్కలు ఎందుకు పేర్చారో, వరి కుదుళ్లతో లెక్క ఎందుకు నేర్పారో, ఆ సాయంత్రం రోడ్డువైపు చెయ్యి ఎందుకు చూపించారో, ప్రతి రాతకూ చివర టీ తాగమని ఎందుకుందో ఒక్కసారిగా తెలిసింది. పద్మవైపు చూశాను. “నాకు చదువు రాదని సారుకు ఎరుకనా?” అన్నాను. “నాకేం ఎరుకక్కా!” అని అటు తిరిగి గిన్నె దించింది కానీ దాని భుజాలు నవ్వుతూనే ఉన్నాయి.

మరునాడు పొద్దున అందరికంటే ముందు మైదానానికి పోయాను. షెడ్డు గోడకు పలక తగిలించి, సుద్దతో రాశాను. చాలాసేపు పట్టింది, రెండు చోట్ల చెరిపి రాశాను: ‘కుక్క ఎదురుగ వచ్చినప్పుడు తికమక అయితే వీపు తిప్పున్రి. ఇది చదవరానోళ్లు నర్సవ్వను అడుగున్రి. సిగ్గుపడొద్దు. టీ తాగున్రి.’ తరువాత సున్నం తెచ్చి నేల మీద గీత పోశాను. అప్పటికి బిజిలిలో ఆ జోరు లేదు, మెల్లగా వచ్చింది. కర్రలను కిందికి దించి, దాన్ని టన్నెల్‌లోకి పంపి, గీతకు ఇవతల వెనక్కి తిరిగి నిలబడ్డాను.

“ఎలపట” అన్నాను, అరవకుండా, మామూలు గొంతుతోనే. వెనక దాని అడుగుల చప్పుడు విన్నాను.